సముద్రపు బూజులు - వానినుండి లభించు ఔషధములు

వానకాలమున ఊరగాయ జాడీకి తడి తగిలినచో రెండు మూడు దినములలోనే దానిపై తెల్లని పొర కనిపించును. మూలబడిన చెప్పులకు, తడిసిన గోడలకు, మిగిలిన రొట్టెకు గూడ ఇట్టి పొరయే పట్టును. దీనినే మనము బూజు అనుచున్నాము. బూజు పట్టిన వస్తువు పాడైనదని భావించి పారవేయుట మన గృహములలో వాడుక. అది మంచి వాడుకయే. అయితే ఈ బూజుజాతికి చెందిన కొన్ని జీవులు వ్యాధికారక క్రిములను చంపగల పదార్థములను తమలో తయారుచేసికొనుచున్నవి. నేటి వైద్యుడు వ్రాయు మందులలో చాల ముఖ్యమైనవి కొన్ని ఆ పదార్థములనుండి పుట్టినవే. అందులో ఒక గొప్ప ఔషధవర్గము సముద్రతీరమున, అదియు మురుగునీరు కలియు చోట దొరికిన బూజునుండి వచ్చినది. దాని చరిత్రను, అది పనిచేయు విధమును, దానిని కాపాడుకొనవలసిన అవసరమును తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

బూజు అనగానేమి?

బూజులు, పుట్టగొడుగులు, కల్లును పులియజేయు ఈస్టు - ఇవన్నియు శిలీంధ్రములు. ఇవి మొక్కలవలె సూర్యరశ్మితో ఆహారమును తయారుచేసికొనలేవు. జంతువులవలె నోటితో తినలేవు. బూజు సన్నని పోగులవలె వ్యాపించి, తన చుట్టునున్న పదార్థముపైకి జీర్ణరసములను విడుదలచేసి, కరిగిన ఆహారమును పీల్చుకొనును. ఎండిన ఆకు, కుళ్లిన కట్టె, చచ్చిన పురుగు - వీనినన్నిటిని తిరిగి మట్టిలో కలుపు పనిలో అధికభాగము శిలీంధ్రములదే.

ఆహారమున్న చోట పోటీ యుండును. ఒకే ఆకుపై బూజు, బాక్టీరియా, సూక్ష్మమైన పురుగులు చేరినప్పుడు, కదలలేని బూజునకు ఆయుధము రసాయన పదార్థమే. తన చుట్టు ఇతర జీవులు పెరుగకుండ అది కొన్ని పదార్థములను విసర్జించును. 1928లో లండను నగరమున అలెగ్జాండర్ ఫ్లెమింగు గమనించినది ఇట్టి పదార్థమునే. అతని గాజుపాత్రలో అనుకోకుండ పడిన పెనిసిలియం బూజు చుట్టు బాక్టీరియా నశించియుండెను. ఆ పదార్థమే పెనిసిలిన్.

సముద్రమునందు బూజులు

ఉప్పునీటిలో బూజు పెరుగదని చాలమంది తలంచెదరు. అది సరికాదు. నీటిలో తేలు కట్టెలు, సముద్రపు నాచు, స్పంజికలు, పగడములు, అడుగునందలి బురద, మడచెట్ల ఆకులు - అన్నిటియందును శిలీంధ్రములు కలవు. 1944లో బార్గూర్న్, లిండర్ అను అమెరికను శాస్త్రజ్ఞులు సముద్రశిలీంధ్రములను గూర్చి ఒక క్రమబద్ధమైన గ్రంథమును వెలువరించినప్పటినుండి ఈ శాస్త్రము బలపడినది. ఇప్పటికి వేయికి మించిన జాతులు గుర్తింపబడినవి.

వీనిలో రెండు తెగలున్నవి. కొన్ని సముద్రమునందే పెరిగి అక్కడనే బీజములను విడుచును. మరికొన్ని నేలమీదను, మంచినీటిలోను పెరుగునవే. నదులతోను, వానలతోను, మురుగుతోను సముద్రమును చేరి అక్కడి ఉప్పునకు అలవాటుపడును. సముద్రమునుండి సేకరింపబడిన ఈ రెండు తెగలను కలిపి ‘సముద్రజన్య శిలీంధ్రములు’ అని వ్యవహరింతురు. ఉప్పు, అలలు, వెలుతురు లేని లోతు, ఒకదానినొకటి ఒరసికొని బ్రతుకు అసంఖ్యాక జీవులు - ఇట్టి పరిస్థితులలో బ్రతుకు బూజులు నేలమీద కానరాని కొన్ని పదార్థములను తయారుచేయుట శాస్త్రజ్ఞులను ఆకర్షించుచున్నది.

మన తీరమునందును ఈ పరిశీలన జరిగినది. గోదావరి, కృష్ణా నదులు సముద్రమున కలియు చోట్లనున్న మడ అడవులలో నీట మునిగి కుళ్లుచున్న కట్టెలను సేకరించి, వానిపై పెరుగు శిలీంధ్రజాతులను శాస్త్రజ్ఞులు పట్టికలుగా వ్రాసియున్నారు. ఏ జీవి ఎచ్చట నున్నదో తెలియనిదే, దానియందేమున్నదో వెదకుట సాధ్యముకాదు గదా!

సార్డీనియా ద్వీపమున

ఇటలీ దేశమునకు చెందిన సార్డీనియా ద్వీపమునకు ముఖ్యపట్టణము కాల్యారి. అచ్చటి విశ్వవిద్యాలయమున జుసెప్పె బ్రోట్జు అను ఆచార్యుడు ఆరోగ్యశాస్త్రమును బోధించుచుండెను. రెండవ ప్రపంచయుద్ధము ముగియుచున్న కాలమది. పట్టణమున సన్నిపాత జ్వరము, అనగా టైఫాయిడు, విడువక బాధించుచుండెను. ఆనాడు దానిని నయముచేయు మందు లేదు. పెనిసిలిన్ అప్పటికే ప్రసిద్ధికెక్కినను టైఫాయిడు క్రిమిపై అది పనిచేయలేదు.

పట్టణపు మురుగునీరు సు సిక్కు అను చోట సముద్రమున కలియుచుండెను. అంత మురుగు చేరుచున్నను అచ్చటి నీరు కొంతమేర తనంతట తాను శుభ్రపడుచుండుటను బ్రోట్జు గమనించెను. వ్యాధిక్రిములను అణచు మరియేదో జీవి ఆ నీటియందుండవలెనని ఆయన ఊహించి, 1945లో ఆ నీటిని తెచ్చి ప్రయోగశాలలో పరీక్షించెను. అందొక బూజు దొరికినది. అప్పుడు దానికి సెఫలోస్పోరియం అక్రిమోనియం అని పేరు. నేడు అక్రిమోనియం క్రైసోజీనం అనుచున్నారు. దాని రసము టైఫాయిడు క్రిమితో బాటు పుండ్లకు, గడ్డలకు కారణమైన స్టాఫిలోకాకస్ క్రిములను గూడ అణచెను.

బ్రోట్జు ఆ రసమును కొందరు రోగులకు వాడి మేలు కనుగొనెను. కాని దానిని శుద్ధిచేయుటకు తగిన పరికరములు గాని, ధనము గాని ఆయనకు లేవు. 1948లో తన పరిశోధనను కాల్యారిలోనే ఒక చిన్న ప్రచురణగా ముద్రించెను. యుద్ధకాలమున సార్డీనియాలో పనిచేసిన బ్లైత్ బ్రూక్ అను బ్రిటిషు ఆరోగ్యాధికారి దానిని గూర్చి తన దేశమునకు తెలియజేసెను. ఆ విధముగా ఆ బూజు అదే సంవత్సరము ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు, పెనిసిలిన్‌ను మందుగా మార్చిన హోవర్డ్ ఫ్లోరీ ప్రయోగశాలకు చేరినది.

పదునారు సంవత్సరముల పని

ఆక్స్‌ఫర్డున ఎడ్వర్డ్ ఏబ్రహాం, గై న్యూటన్ అను రసాయనశాస్త్రజ్ఞులు ఈ పని చేపట్టిరి. బూజురసములో నున్నది ఒక్క పదార్థము కాదని వారు తెలిసికొనిరి. మొదట దొరికినది సెఫలోస్పోరిన్ పి. అది టైఫాయిడు క్రిమిపై పనిచేయలేదు. పిదప దొరికినది సెఫలోస్పోరిన్ ఎన్. అది పెనిసిలిన్ జాతికే చెందినదని తేలినది. బ్రోట్జు చూచిన టైఫాయిడు నిరోధకశక్తి ముఖ్యముగ దీనిదే. 1953లో ఈ రెండవదానిని శుద్ధిచేయుచుండగా దానితో కలిసియున్న మరియొక పదార్థము స్వల్పముగా బయటపడినది. అదియే సెఫలోస్పోరిన్ సి.

ఈ మూడవ పదార్థము బలహీనమైనది. అయినను వారు దానిని విడువలేదు. అందుకొక కారణము కలదు. ఆ సమయమున ఆసుపత్రులలో పెనిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ క్రిములు వ్యాపించుచుండెను. ఆ క్రిములు పెనిసిలినేజు అను రసమును విడుదలచేసి పెనిసిలిన్ అణువును విరుగగొట్టుచుండెను. సెఫలోస్పోరిన్ సి మాత్రము ఆ రసమునకు విరుగలేదు. బలము తక్కువైనను శత్రువునకు లొంగని ఈ గుణమే దాని విలువ.

1959లో ఏబ్రహాం, న్యూటన్ దాని అణునిర్మాణమును ప్రతిపాదించిరి. 1961లో డొరతీ హాడ్జ్‌కిన్ ఎక్స్-కిరణముల సహాయముతో దానిని ధ్రువపరచెను. తరువాత అమెరికాలోని ఎలీ లిల్లీ సంస్థయందలి రసాయనికులు ఆ అణువు యొక్క మూలభాగమును వేరుచేసి, దానికి క్రొత్త కొసలను తగిలించు పద్ధతిని సాధించిరి. ఆ విధముగ తయారైన సెఫలోథిన్ 1964లో వైద్యమునకు వచ్చినది. సముద్రపు నీటిలో బూజు దొరికినది మొదలు రోగికి మందు చేరువరకు 19 సంవత్సరములు. ఆక్స్‌ఫర్డు చేరినది మొదలు లెక్కించినను 16 సంవత్సరములు పట్టినది.

అటుపిమ్మట ఈ కుటుంబము పెరిగినది. చర్మవ్యాధులకు వాడు సెఫలెక్సిన్, శస్త్రచికిత్సకు ముందు ఇచ్చు సెఫజోలిన్, టైఫాయిడునకు నోటిద్వారా ఇచ్చు సెఫిక్సిమ్, మెదడుపొరల వాపు మొదలగు ప్రమాదకరమైన వ్యాధులకు సూదిద్వారా ఇచ్చు సెఫ్‌ట్రయాక్సోన్ - ఇవన్నియు ఆ వంశమునకు చెందినవే. ‘సెఫ్’ అను మొదటి అక్షరములే ఆ బంధుత్వమునకు గుర్తు.

ఈ మందు ఎట్లు పనిచేయును?

బాక్టీరియా కణము చుట్టు ఒక గట్టి గోడ యుండును. వెదురుపేళ్లను అడ్డముగ కట్టి తడకగా అల్లినట్లు, పొడవైన గొలుసులను చిన్న చిన్న కట్లతో బిగించి ఆ గోడ నిర్మింపబడును. కణము పెరుగునప్పుడెల్ల పాత కట్లు విప్పి క్రొత్త కట్లు వేయవలెను. ఆ కట్లు వేయు పనివాండ్రవంటివి కొన్ని ప్రోటీనులు. పెనిసిలిన్ గాని, సెఫలోస్పోరిన్ గాని ఆ ప్రోటీనులకు అంటుకొని వాని చేతులు కట్టివేయును. అంతట గోడ వదులై, లోనికి నీరు చొచ్చి, క్రిమి పగిలిపోవును.

మనుష్యుని కణములకు ఇట్టి గోడ లేదు. కావుననే ఈ మందు క్రిమిని చంపుచు మనకు అంతగా కీడు చేయదు. అయితే కొందరి శరీరమునకు ఇది పడదు. దద్దురులు, ఊపిరాడకపోవుట వంటి తీవ్రలక్షణములు కలుగవచ్చును. పూర్వమొకసారి అట్లు జరిగినవారు ఆ సంగతిని వైద్యునకు తప్పక తెలుపవలెను.

జలుబు, ఫ్లూ మొదలగువానికి కారణమైన వైరసులకును ఇట్టి గోడ లేదు. అందుచే జలుబునకు ఈ మందు వాడుట వ్యర్థము. గోడ లేని చోట గోడను పగులగొట్టుట ఎట్లు?

నేటి శోధనా విధానము

బ్రోట్జు నాటినుండి పద్ధతులు మారినను క్రమము అదియే. ముందుగా సముద్రమునుండి బురద, నాచు, స్పంజిక లేక కట్టెముక్కను శుద్ధమైన పాత్రలో సేకరింతురు. పైనున్న క్రిములు పోవునట్లు దానిని శుభ్రపరచి, అగార్ అను నాచుజిగురుతో సముద్రపునీరు కలిపి గడ్డకట్టించిన పాత్రలపై చిన్న ముక్కలుగా ఉంచుదురు. కొన్ని దినములకు మొలచిన బూజులను ఒక్కొక్కటిగా వేరుచేసి, బీజముల ఆకృతినిబట్టియు, జన్యుపదార్థమునుబట్టియు జాతిని నిర్ణయింతురు.

పిదప ఆ బూజును పోషకద్రవమునందు వారములతరబడి పెంచి, దాని రసమును తగిన ద్రావకముతో వేరుచేసి, వ్యాధిక్రిములపై పరీక్షింతురు. గుణము కనబడినచో ఆ రసమును భాగములుగా విడదీసి, ప్రతి భాగమును మరల పరీక్షించుచు, చివరకు ఒకే ఒక పదార్థము మిగులువరకు పోవుదురు. దాని బరువును, నిర్మాణమును యంత్రములతో తెలిసికొందురు. అప్పటికే తెలిసిన పదార్థము మరల దొరకుట తరచుగా జరుగును; కావున ఆ సంగతిని తొలిదశలోనే సరిచూచుకొనుట నేటి శోధనలో ముఖ్యమైన మెట్టు.

మరియొక విశేషము కలదు. బూజు తన జన్యువులలో వ్రాసియున్న పదార్థములన్నిటిని ఎల్లప్పుడు తయారుచేయదు. ప్రయోగశాలలో ఆహారము సమృద్ధిగ, శత్రువు లేక సుఖముగ నున్నప్పుడు చాల జన్యువులు నిద్రించుచుండును. ఉప్పును మార్చి, ఆహారమును మార్చి, మరియొక సూక్ష్మజీవిని ప్రక్కనుంచి, శాస్త్రజ్ఞులు ఆ జన్యువులను మేల్కొలుపుటకు ప్రయత్నించుచున్నారు.

ఇంతచేసినను ప్రతి పదార్థము మందు కాదు. ఉదాహరణకు, హాలిమీడా అను సముద్రపు పచ్చనాచునుండి తీసిన ఆస్పర్జిల్లస్ బూజులో హాలిమైడ్ అను పదార్థము దొరికినది. దానిని అనుసరించి ప్లినాబులిన్ అను మందును రూపొందించి, కాన్సరు రోగులపై పెద్ద ప్రయోగములవరకు తీసికొనిపోయిరి. కాన్సరు చికిత్సవలన తెల్ల రక్తకణములు తగ్గుటను నివారించుటకై దానిని వాడ అనుమతి కోరగా, 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అంగీకరింపక, మరియొక ప్రయోగము అవసరమని తెలిపినది. గాజుపాత్రలో గుణము కనబడుట మొదటి మెట్టు మాత్రమే. కావున ‘సముద్రపు మందు’ అను పేరుతో ఎవరైన పొడులు, తైలములు అమ్మజూపినచో ప్రజలు నమ్మరాదు. ఇంటిలో పట్టిన బూజును మందుగా వాడుట మిక్కిలి ప్రమాదకరము. బూజులలో విషములను చేయునవియు అనేకము కలవు.

సూక్ష్మజీవుల ఎదురుదాడి

ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు పెనిసిలినేజునకు విరుగని అణువును సాధించిరి. కాని క్రిములు ఊరకుండలేదు. సెఫ్‌ట్రయాక్సోన్ వంటి మందులను గూడ విరుగగొట్టు క్రొత్త రసములను అవి సంపాదించుకొనినవి. ఆ శక్తి నిచ్చు జన్యువులు చిన్న వలయముల రూపమున ఒక క్రిమినుండి మరియొక జాతి క్రిమికి గూడ సంక్రమించును. మందును అనవసరముగ వాడినప్పుడెల్ల లొంగిన క్రిములు నశించి, లొంగనివి మిగిలి, వానికి పోటీలేక అవి వృద్ధిపొందును.

ఇందుకు తార్కాణము పాకిస్తానులోని సింధు రాష్ట్రమున నున్న హైదరాబాదు నగరము. 2016లో అచ్చట ఒక క్రొత్తరకపు టైఫాయిడు బయలుదేరినది. పూర్వపు మందులకే గాక సెఫ్‌ట్రయాక్సోన్‌కు గూడ ఆ క్రిమి లొంగలేదు. నోటిద్వారా ఇచ్చుటకు అజిత్రోమైసిన్ ఒక్కటియే మిగిలినది. మురుగునీరు త్రాగునీటిలో కలియుటయే ఆ వ్యాప్తికి మూలమని పరిశీలకులు గుర్తించిరి. ఒకనాడు మురుగు కలియు చోటనే టైఫాయిడునకు విరుగుడు వెదకిరి. నేడు మురుగు కలియుటచేతనే ఆ విరుగుడునకు లొంగని టైఫాయిడు వ్యాపించినది.

అప్పుడు ఆ నగరపు బిడ్డలను కాపాడుటకు టైఫాయిడు టీకాను విరివిగా వేసిరి. ఆ టీకా మన దక్కను హైదరాబాదున భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసినది. 2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని ఆమోదించినది. 2019లో పాకిస్తాను టైఫాయిడు టీకాను బిడ్డలకు క్రమముగ వేయు టీకాలలో చేర్చుకొన్నది. మందు తప్పిపోయిన చోట టీకా, పరిశుభ్రమైన నీరు రక్షించుననుటకు ఇది నిదర్శనము. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారము 2019లో ప్రపంచమున 90 లక్షలమందికి టైఫాయిడు సోకి, 1,10,000 మంది మరణించిరి. ఇది గతకాలపు వ్యాధి కాదు.

మనము చేయవలసినది

మన దేశమున 2014 మార్చి 1వ తేదీనుండి సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్ మొదలగు మందులు ఔషధ నియమావళిలోని హెచ్-1 పట్టికలో చేర్చబడినవి. వైద్యుడు వ్రాసిన చీటి లేనిదే వానిని అమ్మరాదు. అమ్మిన దుకాణదారుడు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పరిమాణము ప్రత్యేక పుస్తకమున వ్రాసి మూడు సంవత్సరములు భద్రపరచవలెను. మందు అట్టపై నిలువుగా ఎఱ్ఱని గీత కనబడినచో, అది వైద్యుని సలహా లేక వాడరానిదని గ్రహింపవలెను. ఈ గీతను ప్రజలు గుర్తించుటకై 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రచారమును ప్రారంభించినది.

చట్టము దుకాణమువరకే రాగలదు. ఇంటిలోని అలవాటును ఇంటివారే మార్చుకొనవలెను. ఈ క్రింది విషయములను ప్రతి కుటుంబము పాటించుట మేలు.

1. జ్వరము రాగానే దుకాణమునకు పోయి ‘సెఫ్’ మాత్రలను అడుగరాదు. జ్వరము విడువనిచో వైద్యుని చూచి, అవసరమైన రక్తపరీక్ష చేయించుకొనవలెను.

2. వైద్యుడు చెప్పిన మోతాదును, చెప్పిన వేళలకు, చెప్పిన దినములు వాడవలెను. కొంచెము తగ్గినదని తమంతట తాము మానరాదు. తగ్గలేదని తమంతట తాము పెంచరాదు.

3. పూర్వము మిగిలిన మాత్రలను దాచి మరల వాడరాదు. ఒకరికి వ్రాసిన మందును ఇరుగుపొరుగువారికి ఈయరాదు.

4. నీటిని కాచి చల్లార్చి త్రాగవలెను. మరుగుదొడ్డినే వాడవలెను. భోజనమునకు ముందు, మరుగుదొడ్డికి పోయివచ్చిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

5. బిడ్డలకు టైఫాయిడు టీకాను గూర్చి వైద్యుని సలహా తీసికొనవలెను.

సముద్రము విశాలమైనది, దానిలోని బూజులలో ఇంకను తెలియని పదార్థములు ఎన్నియో యుండవచ్చును. శాస్త్రజ్ఞులు వెదకుచునే యున్నారు. కాని ఒక్క మందును సాధించుటకు రెండు దశాబ్దముల కాలము పట్టునని సెఫలోస్పోరిన్ చరిత్ర మనకు చెప్పుచున్నది. రేపు దొరకబోవు మందును నమ్ముకొని నేడున్న మందును పాడుచేసికొనుట వివేకము కాదు. వైద్యుని చీటి లేక ఈ మందును కొనకుండుట, కొన్నదానిని సరిగా వాడుట, రోగము రాకుండ నీటిని శుభ్రముగ నుంచుకొనుట - ఈ మూడును ప్రయోగశాల లేకయే ప్రతివారును చేయగల పనులు.